మాఘంలో మిద్దెతోట విత్తనాలు: ఏవి ఎప్పుడు, ఎంత లోతున?

బోడుప్పల్ మిద్దె:

నమస్తే అండి. హైదరాబాద్‌లో మిద్దె మీద 300 చదరపు అడుగుల చోటులో వేసవి కూరగాయలు పెట్టే ప్రయత్నం ఇది. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండ తగులుతుంది. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు, 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసిన టబ్బులు నాలుగు, ఆకుకూరలకు వెడల్పు ట్రేలు ఉన్నాయి.

సంక్రాంతికి ముందే వేసిన బెండ గింజలు ఇంకా పైకి రాలేదు. తవ్వి చూస్తే కొన్ని మెత్తబడి కుళ్ళాయి, కొన్ని వేసినవి వేసినట్టే ఉన్నాయి. బీర మొలిచింది గానీ గింజ తొక్క మొదటి ఆకుల్ని పట్టుకుని వదలడం లేదు. విడిపడిన ఆకులకేమో గుండ్రటి చిల్లులు. ట్రేలో పోసిన టమాటా నారు ఒక మూల నుంచి మొదలై వరసగా పడిపోతోంది, కాడ మొదట్లో నీరు పట్టి దారంలా సన్నబడింది.

ఇవన్నీ వేరువేరు సమస్యలా, మూలం ఒకటేనా? మళ్ళీ ఇప్పుడే విత్తాలా, శివరాత్రి దాటాలా? ఏవి నేరుగా కుండీలో వేయాలి, ఏవి నారు పోసి నాటాలి? ఇంకో సందేహం. కొత్తగా కొన్న బెండ ప్యాకెట్‌లో గింజలు గులాబీ రంగులో ఉన్నాయి. వాటిని నానబెట్టొచ్చా?

నారుమడి:

చిల్లులు పురుగు పని, దాని సంగతి వేరు. మిగతా వాటిలో బెండ కుళ్ళడానికీ టమాటా నారు పడిపోవడానికీ మూలం ఒకటే అండి: మట్టి చల్లగా ఉంది, తడి ఎక్కువగా ఉంది.

బెండ మొలవడానికి మట్టి వెచ్చగా ఉండాలి, పగటి ఎండ చూసి మోసపోకూడదు. మట్టి 30 డిగ్రీలుంటే వారంలో మొలుస్తుంది. 25 దగ్గర రెండు వారాలకు దగ్గరపడుతుంది. 20కి దిగితే రెండున్నర వారాలు, 15 అయితే దాదాపు నాలుగు వారాలు. అన్నాళ్ళు తడిమట్టిలో కదలకుండా ఉన్న గింజను బూజు తినేస్తుంది. అందుకే కొన్ని కుళ్ళాయి. గట్టిగా ఉన్నవి ఇంకా బతికే ఉండొచ్చు, వాటిని తీసేయకండి. నీళ్ళు తగ్గించి వదిలేయండి, వేడెక్కితే వచ్చేవి వస్తాయి.

నేలలో వేసిన గింజకూ మిద్దె మీది బ్యాగులో వేసిన గింజకూ ఇక్కడ చాలా తేడా ఉంటుంది. నేల రాత్రంతా కొంత వేడి నిలుపుకుంటుంది. బ్యాగు నాలుగు పక్కలా గాలికి చల్లారుతుంది, పైగా తెల్లవారుజామున ట్యాంకు నీళ్ళు చన్నీళ్ళే. కాబట్టి తేదీ కంటే మట్టిని నమ్మండి. మామూలు థర్మామీటరును రెండంగుళాల లోతున గుచ్చి ఉదయం ఏడింటికి చూడండి. వరసగా నాలుగైదు రోజులు 18కి తగ్గకుండా ఉంటే బెండ వేయొచ్చు. హైదరాబాద్‌లో అది మామూలుగా ఫిబ్రవరి మొదటి, రెండో వారాల్లో కుదురుతుంది. గుంటూరు, విజయవాడ, కాకినాడ వైపు సంక్రాంతి వెళ్ళగానే వేసేయొచ్చు. ఆదిలాబాద్, అరకు వైపు మాత్రం శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా ఆగడమే మంచిది.

ఆగమన్నాను కదా అని మార్చి దాకా జరపకండి. మన వసంతం చాలా పొట్టిది, ఏప్రిల్ ఎండ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. బెండ 45–50 రోజులకు కాపుకొస్తుంది, బీర, ఆనప రెండు నెలలకు అటూ ఇటూగా. ఫిబ్రవరి 20 లోపు వేసిన మొక్క ఎండలు ముదిరేలోగా వేరు దించుకుంటుంది. తీగజాతిలో ఇంకో కారణం కూడా ఉంది. పగలు పొడుగై, వేడి పెరిగే కొద్దీ మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి. మార్చి చివర వేసిన ఆనపపాదు పందిరి నిండా అల్లుకుని పిందె పట్టకపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. దానికి ఎరువులు గుప్పిస్తే ఆకు ఇంకా పెరుగుతుంది, పిందె మాత్రం రాదు.

పడిపోతున్న టమాటా నారు నారుకుళ్ళు తెగులు. నీళ్ళు నిలిచిన చోట, గింజలు ఒత్తుగా పడిన చోట, గాలి ఆడని చోట వస్తుంది. పడినవి ఇక లేవవు. వాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగతా నారు మొదళ్ళు తడిసేలా పోయండి. ఆ తర్వాత పైమట్టి పొడిబారాకే నీళ్ళు, అదీ ఉదయం పూటే. సాయంత్రం తడిపితే రాత్రంతా కాడ మొదలు తడిగా ఉంటుంది, ఈ బూజుకు కావలసింది అదే. రసాయనం వద్దనుకుంటే విత్తేముందే మట్టిలో ట్రైకోడెర్మా (తెగులు బూజును అణిచే మేలు బూజు పొడి) కలుపుకోవాలి. కానీ రాగి మందు పోసిన మట్టిలో ట్రైకోడెర్మా వెంటనే వేయకండి, అదీ బూజు జాతే కాబట్టి చచ్చిపోతుంది. రెండు వారాలు ఎడం ఉండనివ్వండి.

గుంటూరు పెరడు:

గులాబీ రంగు గింజల గురించి. ఆ రంగు థైరం లాంటి శిలీంధ్రనాశిని పూత. నానబెడితే మందంతా నీళ్ళలోకి పోతుంది, కాబట్టి పొడిగానే వేయండి. చేతికి తొడుగు వేసుకోండి, మిగిలిన గింజలు పిల్లలకూ పిట్టలకూ అందకుండా పెట్టండి. పూత లేని దేశవాళీ గింజలైతేనే నానబెట్టాలి.

నానబెట్టే వ్యవధి ఒక్కో గింజకు ఒక్కోలా ఉంటుంది. బెండ 8 నుంచి 12 గంటలు గోరువెచ్చటి నీళ్ళలో చాలు, రోజంతా ఉంచితే గాలి అందక లోపలి మొలక చచ్చిపోతుంది. ఆనప, బీర రాత్రి వేసి ఉదయం తీయాలి. కాకర తొక్క చాలా మందం, దానికి 24 గంటలు కావాలి. అప్పటికీ తడిగుడ్డలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి, ఇంట్లో వెచ్చగా ఉండే చోట మూడు నాలుగు రోజులు ఉంచి, తెల్లటి వేరు మొన కనబడ్డాక విత్తితేనే ఈ కాలంలో నమ్మకం. ఆ మొన విరిగితే గింజ పోయినట్టే, అందుకే చేత్తో నొక్కకుండా చెంచాతో జారవిడవాలి. టమాటా, వంగ, మిరప, తోటకూరలకు నానబెట్టడం అక్కర్లేదు.

నానిన గింజను నీడలో అరగంట ఆరబెట్టి ట్రైకోడెర్మా విరిడి పొడి పట్టించండి. కిలో గింజకు 4 గ్రాములన్నది సిఫారసు, ఇంటి ప్యాకెట్‌కు చిటికెడు చాలు. బీజామృతం చేసుకునేవాళ్ళు 20 లీటర్ల నీటికి 5 కిలోల ఆవుపేడ, 5 లీటర్ల ఆవు మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టుమట్టి అనే లెక్కను పదో వంతుకు తగ్గించుకోండి: 2 లీటర్లు, అర కిలో, అర లీటరు, 5 గ్రాములు. రాత్రంతా ఉంచి ఉదయం గింజలకు పూతలా పట్టించి నీడన ఆరబెట్టాలి. మందు పూత ఉన్న గింజకు ఇది అనవసరం.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక మొలకశాతం, పరీక్ష తేదీ, గడువు చూడండి. ధ్రువీకరణ విత్తనానికి కనీస మొలకశాతం బెండలో 65, టమాటా, వంగలో 70, మిరప, ఆనపలో 60. అంటే మంచి ప్యాకెట్‌లో కూడా మూడో వంతుకు పైగా మొలవకపోవచ్చు, గుంటకు రెండు గింజలు వేయమనేది అందుకే. పాత గింజలుంటే పది గింజల్ని తడిగుడ్డలో వేసి వారం చూడండి. అయిదుకు తక్కువ మొలిస్తే కొత్తవి తెచ్చుకోండి. పది గ్రాముల బెండ ప్యాకెట్‌లో 150 గింజల పైచిలుకే ఉంటాయి, ఇంటికి ఒక్కటి చాలు. మిగిలినవి గాలి దూరని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక సీసా చల్లదనం పోయేదాకా మూత తీయకండి, లేకపోతే గాలిలో తేమ గింజ మీద చేరుతుంది.

లోతు విషయంలో గింజ మందానికి రెండు మూడింతలు అన్నది సరిపోయే కొలత. బెండ, గోరుచిక్కుడు, అలసంద ముప్పావు అంగుళం. ఆనప, బీర, కాకర, పొట్ల అంగుళం. టమాటా, వంగ, మిరప పావు అంగుళం. మీ బీర గింజ తొక్క ఊడకపోవడానికి కారణం ఇక్కడే ఉంటుంది. అర అంగుళమే వేసినా, పైన వదులు కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కప్పినా, పైపొర ఎండిపోయినా, మొలక పైకి వచ్చేటప్పుడు తొక్కను పట్టి లాగేంత ఒరిపిడి మట్టిలో ఉండదు. ఇప్పుడు లాగితే ఆకుతో సహా ఊడొస్తుంది. తడి దూదిని తొక్క మీద పది నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక మెల్లగా జార్చండి. ఈసారి అంగుళం లోతున వేసి అరచేత్తో ఒకసారి అదమండి.

బోడుప్పల్ మిద్దె:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. టమాటా మళ్ళీ ఇప్పుడు నారు పోస్తే ఫలితం ఉంటుందా? మట్టి మిశ్రమం ఇప్పుడు సగం ఎర్రమట్టి, సగం కోకోపీట్. అది మార్చాలా?

తీగపందిరి:

టమాటా ఇప్పుడు పోయొద్దండి. ఫిబ్రవరిలో పోసిన నారు మార్చిలో నాటుకు వస్తుంది, ఏప్రిల్‌లో పూస్తుంది. పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. పడిపోకుండా మిగిలిన నారుకు నాలుగైదు ఆకులు వచ్చి ఉంటే వాటిని నాటుకోండి, మార్చి నెలాఖరు దాకా పట్టిన పిందెలతో కొన్ని కాయలు చూడొచ్చు. కొత్త నారు జూన్‌లో. ఆ చోటు వంగకు ఇవ్వండి. వంగ ఎండను బాగా ఓర్చుకుంటుంది, భాగ్యమతి, శ్యామల రకాలు మన దగ్గర చాలాకాలంగా పండుతున్నవే.

సగం ఎర్రమట్టి, సగం కోకోపీట్‌లో తిండి లేదు. కోకోపీట్ నీటిని పట్టి ఉంచుతుంది, అంతే. పైగా పైన ఎండినట్టు కనిపిస్తూ లోపల తడి నిలుపుకుంటుంది, అది చూసి మనం మళ్ళీ పోస్తాం. మీ గింజలు కుళ్ళడంలో దీని వాటా కూడా ఉంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్, గుప్పెడు ఇసుక. పన్నెండు అంగుళాల బ్యాగుకు వంద గ్రాముల వేపపిండి. ఎరువు మాగిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. పేడ వాసన లేకుండా పొడిపొడిగా రాలాలి. పచ్చి ఎరువు వేస్తే అది కుళ్ళే వేడికి వేర్లు మాడతాయి, వేరుపురుగు కూడా చేరుతుంది. కోకోపీట్ ఇటుకను నానబెట్టి ఆ నీళ్ళు రెండు మూడు సార్లు పారబోయండి, అందులో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు వల్ల మొలకల ఆకు అంచులు ఎండిపోతాయి.

మిశ్రమం కలిపిన వెంటనే విత్తకండి. తడిపి వారం రోజులు ఉంచితే వేపపిండి ఘాటు తగ్గుతుంది. పోయిన ఏడాది బెండ, టమాటా, వంగ పెరిగిన మట్టిలో వేర్లకు ముడులు కనబడి ఉంటే అది నులిపురుగు. ఆ మట్టిని ఈ మూడింటికీ వాడొద్దు.

చోటు లెక్క: పన్నెండు అంగుళాల బ్యాగులో బెండ రెండు మొక్కలు, లేదా వంగ ఒకటి. నలుగురున్న ఇంటికి వారంలో రెండుసార్లు కూర రావాలంటే పదిహేను బెండ మొక్కలైనా ఉండాలి. అయిదారు మొక్కలు పెడితే రోజుకు రెండు కాయలొస్తాయి, కూరకు సరిపడేలోపు మొదట కోసినవి ముదురుతాయి. మీ వంద లీటర్ల టబ్బులో ఆనప ఒక్కటే, బీర అయితే రెండు. రెండు ఆనపలు ఒకే టబ్బులో పెడితే ఏప్రిల్‌లో మధ్యాహ్నానికే ఆకులు వాలిపోతాయి, పిందెలు పసుపెక్కి రాలతాయి. తడిసిన టబ్బు బరువు వంద కిలోలు దాటుతుంది, కాబట్టి శ్లాబు నడిమధ్యన కాకుండా బీము మీదుగానో గోడ పక్కగానో పెట్టండి. పందిరి ఆరడుగుల ఎత్తున, గాలికి ఊగకుండా నాలుగు మూలలా కట్టాలి. తీగ మొలిచాక పందిరి వేస్తే వేర్లు కదులుతాయి, ముందే వేసుకోండి.

తీగజాతిని నేరుగా వేయడమే నా సలహా. వాటి తల్లివేరు తెగితే పది రోజులు వెనకబడతాయి. చలి వల్ల ముందుగా లోపల పెంచుకోవాలనుకుంటే కాగితం కప్పుల్లో ఒక్కో గింజ వేసి, మొలకతో వచ్చే జంట కాక రెండు అసలు ఆకులు రాగానే కప్పు అడుగు కోసి అలాగే మట్టిలో దించండి. అంతకన్నా పెద్దదయ్యాక నాటితే లాభం లేదు. వంగ, మిరపలకు నారు పోయాలి, 98 గుంతల ప్రోట్రేలో గుంతకొక గింజ. బెండ, గోరుచిక్కుడు, గోంగూర, అలసంద ఎప్పుడూ నేరుగానే.

మొలకలు ఇంట్లో కిటికీ పక్కన పెట్టేవాళ్ళు ఒకటి గమనించండి. మట్టి పగిలి మెడ వంపు కనబడగానే బయట ఎండలోకి తేవాలి. ఒక రోజు ఆలస్యమైనా కాడ తెల్లగా సాగిపోతుంది. సాగిన టమాటాను లోతుగా నాటితే కాడకు వేర్లొచ్చి సర్దుకుంటుంది, తీగజాతికి ఆ అవకాశం తక్కువ.

బీర ఆకుల మీద గుండ్రటి చిల్లులు ఎర్ర పెంకు పురుగువి. ఫిబ్రవరి, మార్చిలో బీజదళాల (మొలకతో వచ్చే మొదటి జంట ఆకుల) దశలోనే వస్తుంది, రెండు ఆకులూ తినేస్తే మొక్క పోతుంది. ఉదయం ఏడు లోపు చలికి మందకొడిగా ఉంటుంది, అప్పుడు చేత్తో ఏరి సబ్బు నీళ్ళలో వేయొచ్చు. ఎండెక్కాక ఎగిరిపోతుంది. ఆకు తడిగా ఉన్నప్పుడు జల్లెడ పట్టిన కట్టెల బూడిద పలచగా చల్లండి. నాలుగో ఆకు వచ్చేదాకా దోమతెర కప్పడం అన్నిటికన్నా సుఖం.

అనంత తోట:

ఆకుకూరల గురించి ఎవరూ చెప్పలేదు. ఈ కాలంలో తొందరగా చేతికొచ్చేవి అవే.

తోటకూర గింజ ఆవాల కంటే చిన్నది, చేత్తో చల్లితే ఒకచోట గుంపుగా పడుతుంది. అర చెంచా గింజకు పది చెంచాల పొడి ఇసుక కలిపితే చదరపు మీటరుకు సరిపోతుంది. పైన మట్టి కప్పకుండా అరచేత్తో అదిమి, సన్నటి రోజ్ ఉన్న క్యానుతో తడపండి. పైపుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. చీమలు గింజల్ని మోసుకుపోతాయి, ట్రే అంచుల వెంట పసుపో బూడిదో గీతగా వేయండి. హైదరాబాద్ రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ–1 మంచి రకం, నెలలోపే కోతకు వస్తుంది. ఒకేసారి ట్రే అంతా చల్లకుండా పదిహేను రోజులకొక సగం చల్లుకుంటే వేసవంతా లేత కూర ఉంటుంది.

కొత్తిమీర, మెంతికి ఫిబ్రవరి రెండో వారం ఆఖరి అవకాశం. ధనియాలను చెప్పుతోనో సీసాతోనో రుద్ది రెండు పప్పులుగా విడదీయాలి, నలగగొట్టకూడదు. మొలవడానికి పది రోజుల పైనే పడుతుంది. మార్చిలో వేస్తే నాలుగు ఆకులకే పూతకొస్తుంది. పాలకూర కూడా అప్పటికి ఆకు చిన్నదవుతుంది. ఏప్రిల్, మేలలో నిలబడేవి బచ్చలి, గోంగూర, తోటకూర, గంగవాయిల కూర. బచ్చలికి గింజ కోసం వెతకొద్దు. జానెడు ముదురు కాడ గుచ్చితే వారంలో వేరుపడుతుంది.

నీళ్ళు. మొలకలు వచ్చేదాకా పైపొర తడి ఆరకూడదు, కానీ నీళ్ళు నిలవకూడదు. తడి గోనెసంచి కప్పితే రెండూ కుదురుతాయి. మొదటి మొలక కనబడిన రోజే గోనె తీసేయాలి. మార్చిలో రోజుకొకసారి, ఏప్రిల్ నుంచి ఉదయం ఎక్కువగా, సాయంత్రం కొద్దిగా. వేలు రెండు కణుపులు గుచ్చి తడి చూసి పోయడం అలవాటు చేసుకోండి. మొక్కలు జానెడు ఎత్తు కాగానే రెండంగుళాల మందాన ఎండుటాకులో, వరిగడ్డో, చెరకు పిప్పో పరవండి. మొదలుకు రెండు వేళ్ళ ఎడం వదలాలి, ఆనిస్తే కాడ కుళ్ళుతుంది.

నల్లటి బ్యాగులు ఇప్పుడు మేలే, మట్టిని వెచ్చబరుస్తాయి. ఏప్రిల్‌లో అవే వేర్లను ఉడికిస్తాయి. అప్పుడు బ్యాగులన్నీ ఒకదానికొకటి ఆనించి, పడమటి వైపు బయటి వరసకు తెల్లబట్టో గోనెసంచో చుట్టండి. సిమెంటు మీద నేరుగా కాకుండా ఇటుకల మీద పెట్టండి. షేడ్ నెట్ మార్చి చివరిదాకా వేయకండి. ఇప్పుడే నీడలో పెరిగిన బెండ సన్నగా సాగుతుంది. వేసేటప్పుడు 35 శాతందో, మించితే 50 శాతందో చాలు. 75 శాతం నెట్ కింద ఆకు ఉంటుంది, కాయ ఉండదు.

డాలస్ పెరడు:

టెక్సాస్‌లో ఉన్నాం అండి. ఇక్కడ మార్చి మధ్య దాకా మంచు భయం ఉంటుంది. బెండ, ఆనప ఇంట్లో ఎప్పుడు మొదలుపెట్టాలి?

నారుమడి:

డాలస్‌కైతే ఆనప, బీర, కాకర గింజల్ని మార్చి మొదటి, రెండో వారాల్లో లోపల కప్పుల్లో వేయండి. ట్రే కింద హీట్ మ్యాట్ పెట్టి మట్టిని 80–85 ఫారన్‌హీట్‌లో ఉంచండి, మొలవగానే మ్యాట్ ఆపేయండి. విద్యుద్దీపం మొలకకు మూడు నాలుగు అంగుళాల పైన, రోజుకు 14 గంటలు. రాత్రి 55 ఫారన్‌హీట్‌కు తగ్గని రోజులొచ్చాక, అంటే ఏప్రిల్ మొదటి సగంలో, వారం రోజులు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేసి నాటండి. బెండ, గోంగూర ఏప్రిల్ మధ్యలో నేరుగా నేలలోనే. ముందు వేసి చల్లటి మట్టిలో కష్టపెట్టిన బెండ కంటే పదిహేను రోజులు ఆగి వేసిందే ముందు కాస్తుంది.

బోడుప్పల్ మిద్దె:

చివరిగా ఒక్కటి. ఆనపకు కొసలు తుంచాలంటారు, పిందెలు పసుపెక్కి రాలకుండా చేత్తో పుప్పొడి పట్టించాలంటారు. ఈ రెండూ ఎప్పుడు, ఎలా? బెండ ఆకు ఈనెలు పసుపెక్కే తెగులుకు ముందుజాగ్రత్త ఏమైనా ఉందా?

తీగపందిరి:

కొస తుంచడం అన్ని తీగలకూ ఒకటి కాదు. ఆనపలో ఆడపూలు ఎక్కువగా పక్కకొమ్మల మీద వస్తాయి. కాబట్టి తీగ పందిరికెక్కి ఎనిమిది ఆకులు దాటాక కొస తుంచండి. వచ్చిన పక్కకొమ్మల్లో బలమైనవి మూడు నాలుగు ఉంచి, అవి కూడా ఎనిమిది పది ఆకులయ్యాక తుంచండి. బీరకు ఒక్కసారి చాలు. కీర దోసను అసలు తుంచొద్దు, అది ప్రధాన కాడ మీదే కాస్తుంది. ఉదయం పూట గోటితోనో శుభ్రమైన కత్తెరతోనో తుంచండి, ఆ రోజు ఆకు మీద నీళ్ళు పడనివ్వకండి.

మొదట పది పదిహేను రోజులు మగపూలే వస్తే కంగారు పడకండి, అది సహజం. ఆడపువ్వు కింద చిట్టి పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నటి కాడే ఉంటుంది. పుప్పొడి పట్టించే వేళ పంటను బట్టి మారుతుంది. ఆనప, బీర, పొట్ల సాయంత్రం విచ్చుకుంటాయి, అయిదున్నర నుంచి ఏడు మధ్య పట్టించాలి. కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటాయి, తొమ్మిదిలోపు అయిపోవాలి. ఉదయం లేచి వాడిపోయిన ఆనపపువ్వుకు పుప్పొడి పూస్తే పిందె నిలవదు. మగపువ్వు రేకులు తీసేసి, లోపలి కేసరాన్ని ఆడపువ్వు మధ్యలోని కీలాగ్రం మూడు పాయల మీదా మెల్లగా ఆనించండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. మూడు రోజులకు పిందె కాడ కిందికి వంగి, మెరుస్తూ లావెక్కితే పట్టినట్టు.

పట్టిన పిందె కూడా వంకరపోయి, మీద చుక్కగా జిగురు కారి కుళ్ళితే అది పండు ఈగ. దుకాణంలో మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర ఇచ్చేస్తుంటారు, తీగజాతిని పాడుచేసే ఈగ దానికి రాదు. క్యూలూర్ అని అడిగి తీసుకోండి. మొదటి ఆడపువ్వు రాకముందే పందిరి కింద నీడలో ఒకటి కట్టండి. అది మగ ఈగల్నే చంపుతుంది, కాబట్టి పిందె బొటనవేలంత కాగానే కాగితపు సంచి తొడగడం ఆపొద్దు. కుళ్ళిన పిందెను కంపోస్టులో వేయకండి, లోపలి పురుగు అక్కడే ఈగ అవుతుంది. మూతి కట్టిన ప్లాస్టిక్ కవరులో రెండు రోజులు ఎండలో పెట్టి పారేయండి.

బెండలో ఈనెలు పసుపెక్కేది పల్లాకు తెగులు. వైరస్‌ను తెల్లదోమ మోసుకొస్తుంది, వచ్చిన మొక్కకు మందు లేదు. ఒక మొక్కలో కనబడగానే పీకి కవరులో కట్టి పారేయాలి, కాయ ఉంది కదా అని ఉంచితే పక్కవాటికి పాకుతుంది. విత్తిన రోజు నుంచే బ్యాగుల మధ్య ఆకుల ఎత్తులో పసుపు జిగురు అట్టలు రెండు పెట్టండి. మూడో ఆకు నుంచి పది రోజులకోసారి 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు నీళ్ళతో బాగా గిలకొట్టి, ఎండ తగ్గాక ఆకు అడుగున తడిసేలా కొట్టండి. పట్టపగలు కొడితే ఆకు మాడుతుంది. అర్క అనామిక, అర్క అభయ్ ఈ తెగులును తట్టుకునేలా తెచ్చిన రకాలే గానీ ఇప్పుడు అనామికకు కూడా వస్తోంది, రకాన్ని నమ్మి అట్టలు మానేయొద్దు. కాపు మొదలయ్యాక రోజు మార్చి రోజు కాయ కోయండి. ఒక్క కాయ ముదరనిచ్చినా ఆ మొక్క కొత్త పూత తగ్గించేస్తుంది.